సెన్సర్ మార్చేశాం సార్!

కారు నడుస్తూ నడుస్తూ టక్కున ఆగిపోతుంది. పక్కకు తోసుకుని, ఐదు నిమిషాలాగి సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు అందుకుంటుంది. మర్నాడు సర్వీస్ సెంటర్‌కు తోలుకెళ్తే అక్కడ రోజంతా ఆడించినా ఒక్కసారీ ఆగదు. సాయంత్రం ఇస్త్రీ చొక్కా కుర్రాడు కాగితం పట్టుకొచ్చి, "స్కానింగ్‌లో వచ్చింది, సెన్సర్ మార్చేశాం సార్, ఇక రాదు" అంటాడు. బిల్లు కట్టి ఇంటికొస్తారు. నాలుగో రోజు ప్యాట్నీ సిగ్నల్ దగ్గర, వెనకాల సిటీ బస్సు హారన్ కొడుతుండగా, మళ్లీ అదే తంతు. ఈసారి ఇంకో సెన్సర్ మారుస్తారు. అదీ అయ్యాక, "ఈసీఎం పోయింది సార్, దానికి కొంచెం ఎక్కువవుతుంది" అంటారు. ఈసీఎం అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్.

సికింద్రాబాద్ కార్ఖానాలో నా మెకానిక్ షెడ్డు మూసి ఇంటిపట్టున కూర్చున్నా ఈ గోడు నన్ను వెతుక్కుంటూ వస్తూనే ఉంది. విన్న ప్రతిసారీ ఒళ్లు మండుతుంది.

కొత్త కార్ల మీద నాకు కోపమేమీ లేదు. చలికాలం పొద్దున్నే చోక్ లాగి, కాలితో యాక్సిలరేటర్ తొక్కి తొక్కి, బ్యాటరీ దిగిపోయాక వీధిలో నలుగుర్ని పిలిచి తోయించుకునే అంబాసిడర్‌ను మళ్లీ తెమ్మని ఎవరూ అడగరు, నేనూ అడగను. ఏ క్షణానికి ఎంత పెట్రోలు పోయాలో, నిప్పురవ్వ ఎప్పుడు కొట్టాలో తనంతట తాను లెక్కగట్టుకునే ఇంజిన్ మా కార్బొరేటర్ల కంటే ఎన్నో రెట్లు నయం. నా గొడవంతా బానెట్ ఎత్తి నిలబడే మనిషితోనే. వచ్చిపోయే ఫాల్టును అది వచ్చినప్పుడే పట్టుకోవాలి. వచ్చేదాకా కాచుకుని కూర్చోవడం మా రోజుల్లో పనిలో భాగం. ఇప్పుడు ఆ కూర్చోవడం ఎవరి లెక్కలోనూ లేదు.

మా ఉస్తాద్ ఫౌజులో ఈఎంఈలో, అంటే మిలిటరీ బళ్లూ యంత్రాలూ బాగుచేసే విభాగంలో, చేసి వచ్చినాయన. తిరుమలగిరిలో మిలిటరీ వాళ్ల ఈఎంఈ కాలేజీ ఉండటం మా సికింద్రాబాద్ మెకానిక్‌లకు పెద్ద వరం. ట్రక్కులూ వైర్‌లెస్ సెట్లూ బాగుచేసిన చేతులు కొన్ని రిటైరయ్యాక ఈ చుట్టుపక్కలే ఉండిపోయి, నాలాంటి పోరగాళ్లకు పని నేర్పాయి. ఆయన్ని మేం హవల్దార్ సాబ్ అనేవాళ్లం. బండి లోపలికి రాగానే పానా పట్టుకుంటే చేతి మీద కొట్టేవాడు. "పహలే పూఛో, ఫిర్ లిఖో, ఫిర్ ఖోలో" అనేవాడు. ముందు అడుగు, తర్వాత రాయి, ఆ తర్వాతే విప్పు. షెడ్డులో మేకుకు దారంతో వేలాడే పాత డైరీ ఒకటుండేది. ఆగింది పొద్దున్నేనా, ఇంజిన్ బాగా వేడెక్కాకా? ఎత్తు ఎక్కుతుంటేనా, గతుకులో పడితేనా? వాన పడుతోందా? హెడ్‌లైట్లు వేసున్నాయా? ట్యాంకులో పెట్రోలెంత? ఆగేముందు దగ్గిందా, దగ్గకుండానే చచ్చిందా? ఇవన్నీ రాసుకున్నాకే బానెట్ తెరవాలి. టక్కున చస్తే కరెంటు, దగ్గి దగ్గి చస్తే పెట్రోలు. ఈ ఒక్క ముక్క నాకు జీవితాంతం అన్నం పెట్టింది.

అంబాసిడర్ సంగతే తీసుకోండి. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి రోటార్ పీకితే లోపల పాయింట్లు కనిపిస్తాయి. వాటి మధ్య సందు పదిహేను థౌ, అంటే 0.38 మిల్లీమీటరు పెట్టేవాళ్లం. ఆ పాయింట్ల దగ్గర్నుంచి పక్కనున్న టెర్మినల్‌కు వేలెడంత వైరు ఒకటి ఉంటుంది, పైన గుడ్డ అల్లికతో. యాక్సిలరేటర్ మీద కాలు వేసి తీసినప్పుడల్లా వాక్యూమ్ అడ్వాన్స్ ఆ పాయింట్ల ప్లేటును కొంచెం తిప్పుతుంది. ప్లేటుతోపాటు వైరూ వంగుతుంది. ఏళ్ల తరబడి వంగి వంగి లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగిపోతాయి. పైనున్న అల్లిక మాత్రం చెక్కుచెదరదు. నిలబెట్టి ఆడిస్తే ఇంజిన్ గడియారంలా ఆడుతుంది, ట్యాంక్‌బండ్ ఎక్కి కాలు వేయగానే టక్కుమంటుంది. కొందరు కాయిల్ మార్చేవాళ్లు, కొందరు కండెన్సర్ మార్చేవాళ్లు. హవల్దార్ సాబ్ ఏమీ మార్చేవాడు కాదు. పాయింట్ల మధ్య అట్టముక్క దూర్చి తెరిచి ఉంచి, అక్కడ టెస్ట్ లాంప్ తగిలించి, అడ్వాన్స్ పైపు ఊడదీసి నోటితో పీల్చేవాడు. ప్లేటు తిరిగేది, దీపం ఆరేది. వదిలితే మళ్లీ వెలిగేది. జబ్బు కళ్లముందే వచ్చి కళ్లముందే పోయేది. అప్పుడుగానీ స్క్రూడ్రైవర్ చేతికిచ్చేవాడు కాదు.

కండెన్సర్ది మరో తీరు. చల్లగా ఉన్నంతసేపూ బాగుండి, వేడెక్కాక చచ్చి, చల్లారాక మళ్లీ బతికేది. ఎండాకాలంలో పద్మినీ కారుకు పెట్రోలు పంపు దగ్గర ఆవిరి పట్టినా అచ్చం ఇలాగే అనిపించేది. రోడ్డు పక్కన బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ కప్పి నిలబడ్డ డ్రైవర్లు ఆ రోజుల్లో ప్రతి వేసవిలోనూ కనిపించేవారు. రెండింటినీ విడదీయాలంటే బండి చచ్చిన ఆ క్షణంలోనే ప్లగ్గు వైరు పీకి రవ్వ ఉందో లేదో చూడాలి. చల్లారాక చూస్తే రెండూ బాగానే ఉంటాయి, ఇక వంద రూపాయల సామాను ఊహ మీద మార్చాల్సిందే. అందుకే ఉస్తాద్ మమ్మల్ని బండిలో కూర్చోబెట్టుకుని తిరిగేవాడు. తాడ్‌బండ్ దాకా వెళ్లి, బోయినపల్లి మీదుగా తిరిగొచ్చి, మళ్లీ వెళ్లి. బండి ఎక్కడ చస్తే అక్కడే దిగి పని.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. అదీ కార్బొరేటర్ బండే కాబట్టి త్వరగానే చేతికి అలవాటైంది. అసలు తేడా 1998లో సాంట్రో, మటీజ్ వచ్చాక మొదలైంది. పెట్రోలును నేరుగా ఇంజెక్టర్లు చిమ్మే ఎంపీఎఫ్ఐ ఇంజిన్లు అవి. 2000 తర్వాత పొగ నిబంధనలు ఒక్కో మెట్టూ బిగుసుకున్నాయి. 2010 ఏప్రిల్‌లో బీఎస్ 4 ముందుగా అమలైన 13 నగరాల్లో మన హైదరాబాద్–సికింద్రాబాద్ ఒకటి. దాంతోపాటే ఓబీడీ వచ్చింది. పొగను పాడుచేసే లోపం ఏదొచ్చినా కారు తనే పసిగట్టి, రాసిపెట్టుకుని, డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగించాలి. 2013 నుంచి ఓబీడీ రెండో దశ, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6. క్రాంక్ తిరుగుతోందా, కామ్ ఎక్కడుంది, గాలి ఎంత లోపలికొస్తోంది, థ్రాటిల్ ఎంత తెరుచుకుంది, నీళ్లెంత వేడిగా ఉన్నాయి, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలింది, అన్నిటికీ తలా ఒక సెన్సర్, తలా రెండు మూడు వైర్లు, తలా ఒక కప్లర్. ఇంజిన్లో ఇనుము తగ్గి వైరు పెరిగింది. వైరు పెరిగితే వచ్చిపోయే ఫాల్టులూ పెరుగుతాయి. అది వాహనం తప్పు కాదు, లెక్క.

సెన్సర్ అనగానే అదేదో బుర్రున్న వస్తువని జనం భయపడతారు. కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ విప్పి చూస్తే లోపలున్నది చిన్న పూస. చల్లగా ఉంటే దాని రెసిస్టెన్స్ రెండు మూడు వేల ఓమ్‌లు, 80 డిగ్రీలకు వచ్చేసరికి మూడొందల చిల్లర. ఈసీఎం 5 వోల్టులు పంపించి, తిరిగి ఎంత కనిపిస్తుందో చూసి వేడి లెక్కగడుతుంది, అంతే. ఆ వైరు తెగిందనుకోండి, దానికి కనిపించేది అంతులేని రెసిస్టెన్స్. దాని పట్టికలో అంత రెసిస్టెన్స్ అంటే గడ్డకట్టే చలి. స్కానర్ మీద మైనస్ 40 డిగ్రీలు అని పడుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం, కార్ఖానా మెయిన్ రోడ్డు, తారు మెత్తబడే ఎండ, స్కానర్‌లో మైనస్ 40! ఇది నేను కళ్లారా చూశాను. అంత చలిలో ఉన్నానని నమ్మి ఇంజిన్ కాసేపు పెట్రోలు గుమ్మరించింది, నల్లటి పొగ వదిలింది. తర్వాత ఇది జరగని పనని తనే తేల్చుకుని దీపం వెలిగించి, ఫ్యాన్‌ను ఆపకుండా తిప్పుతూ, అంచనా మీద నడిచింది. కంప్యూటరే అంత ఆలోచించింది. పక్కనున్న కుర్రాడు మాత్రం కోడు చూసి రాణిగంజ్ స్పేర్‌పార్ట్స్ షాపుకు ఫోన్ చేసి సెన్సర్ ధర కనుక్కుంటున్నాడు.

ఆ కోడు పీ 0118. అది చెప్పేది ఒక్కటే, ఆ దారిలో వోల్టేజీ ఉండాల్సినదానికంటే ఎక్కువుందని. దారి అంటే సెన్సర్ ఒక్కటే కాదు. సెన్సర్, దాని కప్లర్, కప్లర్‌లోని పిన్నులు, అక్కణ్నుంచి పోయే వైర్లు, ఎర్త్, ఈసీఎం దగ్గరి పిన్ను, ఇన్నీ ఉన్నాయి. వీటిలో ఏది ఊడినా అదే కోడు పడుతుంది. సెన్సర్ కప్లర్ పీకి, ఆ రెండు పిన్నులను చిన్న వైరుముక్కతో కలిపితే స్కానర్ మీద అంకె మైనస్ 40 నుంచి ఒక్కసారిగా 130 పైకి ఎగబాకాలి. ఎగబాకితే వైరింగూ ఈసీఎమూ బాగున్నట్టు, సెన్సర్ మార్చుకోవచ్చు. కదలకపోతే కొత్త సెన్సర్ పెట్టినా డబ్బు దండగే. టీ తాగేంతసేపు పట్టని పరీక్ష. ఇది కూడా చేయకుండా ఒకరి జేబులోంచి సెన్సర్ డబ్బులు తీయడం నా దృష్టిలో అన్యాయం, ఇంకో మాట లేదు.

స్కానర్ గురించి ఇంకో బాధ ఉంది, అన్నిటికంటే పెద్దది. కోడు పడిన క్షణాన ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, బండి ఎంత వేగంలో ఉంది, ఆర్‌పీఎం ఎంత, లోడెంత అన్నది కారు తనలో రాసిపెట్టుకుంటుంది. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. హవల్దార్ సాబ్ డైరీలో మేం రాసుకున్నది ఇదే! ఎవరూ అడగకుండానే బండి తన పాట్లు తనే రాసి పెడుతోంది. మా ఉస్తాద్ బతికుంటే చూసి కళ్లకద్దుకునేవాడు. మరి ఇప్పటివాళ్లు బండి లోపలికి రాగానే మొదట చేసేదేమిటి? కోడ్లు చెరిపేయడం. చెరిపి, దీపం ఆరిందని చూపించి, ట్రయల్ వేసి రమ్మంటారు. కోడుతోపాటు ఆ రాసిన పేజీ కూడా పోయింది. జబ్బు ఎప్పుడు, ఏ స్థితిలో వచ్చిందో చెప్పే ఒకే ఒక్క సాక్ష్యాన్ని చేతులారా తుడిచేసి, ఆపైన "ప్రాబ్లం రావట్లేదు సార్" అంటే ఎవరు ఒప్పుకుంటారు?

కిందటేడు వెస్ట్ మారేడ్‌పల్లి నుంచి బ్యాంకులో రిటైరైన ఒకాయన చిన్న పెట్రోల్ కారు తీసుకుని మా ఇంటికే వచ్చాడు. ఒక సర్వీస్ సెంటర్‌లో క్రాంక్ సెన్సర్ రెండుసార్లు మార్చారు. పీ 0335 కోడు. మూడోసారి ఈసీఎం అన్నారట.

"ఎప్పుడు ఆగుతుంది సార్?" అన్నాను.

"ఎప్పుడంటే ఏం చెప్పాలి ఉస్తాద్, పోతూ పోతూ ఆగుతుంది."

"ఏసీ వేసుంటుందా?"

"ఈ ఎండల్లో వేయకుండా ఎట్ల?"

"తిన్నగా పోతుంటే ఎన్నడైనా ఆగిందా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "లేదు. మా సందులోకి తిరిగేటప్పుడు ఆగింది. ఆలుగడ్డబావి బ్రిడ్జి కింద గుంతలో ఒకసారి."

ఒక కాగితం ఇచ్చి, వారం పాటు ఆగినప్పుడల్లా రాయమన్నాను. ఇంకో పని కూడా చెప్పాను. ఆగాక సెల్ఫ్ కొడుతున్నంతసేపు ఆర్‌పీఎం ముల్లు కదులుతోందా లేదా చూడండి అని. బ్యాంకు మనిషి కదా, గీతలు గీసి, గడులు కట్టి, తేదీ, వేళ, చోటు, ఏసీ, ముల్లు అని శీర్షికలు పెట్టి ముచ్చటగా రాసుకొచ్చాడు. ముల్లు గడిలో ప్రతిచోటా "కదల్లేదు". అంటే ఇంజిన్ తిరుగుతున్నా తిరుగుతున్నట్టు ఈసీఎంకు తెలియట్లేదు. క్రాంక్ సెన్సర్ దారిలోనే ఉంది లోపం, అందాకా సర్వీస్ సెంటర్ వాళ్లు చెప్పింది నిజమే. మిగతా గడులన్నీ కలిపి చదివితే ఇంకో సంగతి బయటపడింది. ఆగిన ప్రతిసారీ ఇంజిన్ వేడిగా ఉంది, ఏసీ వేసి ఉంది, బండి మలుపు తిరుగుతూనో కుదుపులోనో ఉంది. అంటే ఇంజిన్ తన చోటు నుంచి కదిలినప్పుడు ఏదో జరుగుతోంది.

బానెట్ ఎత్తి, ఆయన్నే స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, ఏసీ వేయించి ఆపించి చూశాను. కంప్రెసర్ అందుకున్నప్పుడల్లా ఇంజిన్ ఒక పక్కకు ఒరుగుతోంది. మౌంటింగ్ రబ్బరు కుంగి, చీలి ఉంది. క్రాంక్ సెన్సర్‌కు పోయే వైరింగును ఎవరో ప్లాస్టిక్ ట్యాగు వేసి బాడీ బ్రాకెట్‌కు బిగించి కట్టారు, గోరంత వదులు లేదు. ఇంజిన్ ఒరిగినప్పుడల్లా వైరు లాగుకుంటోంది. ట్యాగు కోసేసి, టేపు విప్పి, ఒక్కో వైరును వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగాను. మొదటిది గట్టిగా ఉంది. రెండోది గట్టిగా ఉంది. మూడోది కప్లర్‌కు రెండంగుళాల ఇవతల రబ్బరు బ్యాండులా సాగింది. లోపల రాగి తెగిపోయింది, పైన తొడుగు మాత్రమే పట్టుకుని ఉంది. మీటరు పెడితే బీప్ వస్తోంది, ఎందుకంటే తెగిన కొసలు ఒకదాన్నొకటి ఆనుకునే ఉన్నాయి. లాగితే బీప్ ఆగుతుంది, వదిలితే వస్తుంది. రెండు కొత్త సెన్సర్లూ నిక్షేపంగా పనిచేస్తూనే ఉన్నాయి, పాపం. అవి చెప్పే మాట దారిలో తెగిపోతోంది.

ఇది అంబాసిడర్ డిస్ట్రిబ్యూటర్‌లో నేను చూసిన వైరే. కదిలే చోట వంగి, లోపల తెగి, పైకి బాగున్న వైరు. అప్పుడు దాన్ని పట్టుకున్నది పీల్చి చూసిన మనిషి. ఇప్పుడు దాన్ని పట్టుకోవడానికి లక్షల ఖరీదు సామాను అక్కర్లేదు, రెండు వేళ్లు చాలు. కానీ ఆ వేళ్లు ఎక్కడ పెట్టాలో తెలియాలంటే ముందు ఆ కాగితం రాయించాలి.

మౌంటింగ్ మార్చాక, ఆ వైరులో కొత్త ముక్క వేశాను. ఇక్కడ ఒకటి చెప్పాలి, మా తరం వాళ్లు నా మాట ఒప్పుకోకపోయినా సరే. అతుకంటే సోల్డరింగే అని మాకు నేర్పారు. రేడియోకు అది మంచిదే. అదిరే ఇంజిన్ దగ్గర మాత్రం సోల్డర్ పాకినంత మేరా వైరు కడ్డీలా బిగుసుకుపోయి, అది ముగిసే అంచు దగ్గర మళ్లీ తెగుతుంది. మంచి క్రింపింగ్ పట్టకారతో నొక్కి, పైన వేడికి ముడుచుకునే స్లీవు వేసి, అతుకుకు అటూ ఇటూ కాస్త వదులు ఇవ్వాలి. ఆయన కారుకు అలాగే చేశాను. మళ్లీ ఆగలేదు.

మా రోజుల్లోవన్నీ గొప్పవని నేననను. మాలో కొందరి అలవాట్లు ఇప్పటి కార్లకు విషం. ఇంజిన్ ఆడుతుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి డైనమో పనిచేస్తోందా అని చూసేవాళ్లం. ఈనాటి కారుకు ఆ పని చేస్తే వోల్టేజీ ఎగిసి ఈసీఎం నిజంగానే పోతుంది. ప్లగ్గు వైరు పీకి గాల్లో పట్టుకుని రవ్వ చూడటమూ మానుకోవాలి. వైరుకు సూది గుచ్చి టెస్ట్ లాంప్ పెట్టడం అన్నిటికంటే చెడ్డది. ఆ సూదిబెజ్జంలోంచి తేమ దిగి, తొడుగు లోపలే రాగికి పచ్చటి చిలుము పట్టి, ఆర్నెల్లకో ఏడాదికో కొత్త ఫాల్టు పుడుతుంది. పైగా ఆ బల్బు లాగే కరెంటు సెన్సర్ వైరు తట్టుకోదు. కప్లర్ వెనకాల సన్నటి పిన్ను దూర్చి మీటరుతో చూడాలి. థ్రాటిల్ సెన్సర్‌కైతే నేను ఇప్పటికీ పాత సూది మీటరే వాడతాను. పెడల్ మెల్లగా తొక్కుతుంటే సూది అర వోల్టు నుంచి నాలుగున్నర దాకా జారుడుగా ఎక్కాలి. మధ్యలో ఎక్కడైనా తుళ్లిపడితే అక్కడ లోపలి కార్బన్ గీత అరిగిందన్నమాట. అది చాలాసార్లు సిటీలో కాలు ఎక్కువసేపు ఆగే చోటే అవుతుంది. అంకెల మీటరు ఆ తుళ్లింతను మింగేస్తుంది. ఓసిలోస్కోప్ ఉన్నవాడికి ఇంకా మంచిది, ఉన్నవాళ్లు తీసి వాడాలిగా!

ఎర్త్ గురించి ఎంత చెప్పినా తక్కువే. గుద్దుకున్న బండికి డెంటింగ్, పెయింటింగ్ చేసేటప్పుడు ఎర్త్ పాయింటు మీద కూడా రంగు కొట్టి, దాని మీదే బోల్టు బిగిస్తారు. సెన్సర్లు చాలామటుకు 5 వోల్టుల్లో మాట్లాడుకునేవి. ఎర్త్‌లో పదో వంతు వోల్టు మిగిలినా వాటి లెక్క తప్పుతుంది. ఒక సెన్సర్ కాదు, మూడు నాలుగు కలిసి ఒకేసారి తలతిక్క మాటలు చెబితే సెన్సర్ల జోలికి పోకుండా ఎర్త్ బోల్టు విప్పి, గీకి, శుభ్రం చేసి బిగించండి. ఓమ్ మీటరుతో ఎర్త్ చూడటం వృథా. సెల్ఫ్ కొడుతూ, బ్యాటరీ నెగెటివ్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఎన్ని వోల్టులు ఉన్నాయో చూడాలి. లోడు మీదే అబద్ధం బయటపడుతుంది.

2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. మర్నాడు మా షెడ్డు ముందు బళ్లు బారులు తీరాయి. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పొడిగుడ్డతో తుడిచి, ప్లగ్గులు ఎండబెట్టి, ఆయిల్ మార్చి, నీళ్లు లోపలికి పీల్చని బళ్లను సాయంత్రానికి పంపించేశాం. 2020 అక్టోబరు 13 వాన తర్వాత వచ్చిన బళ్లను మాత్రం అలా పంపడం కుదరలేదు. కప్లర్లలో, సీట్ల కిందున్న వైరింగులో బురదనీళ్లు నిలిచిపోయాయి. ఎండాక స్టార్టయ్యాయి, నడిచాయి. సంక్రాంతి దాటాక ఒక్కొక్కటీ తిక్కతిక్కగా ఆగడం మొదలుపెట్టాయి. పిన్నులకు చిలుము పట్టడానికి అంతకాలం పట్టింది. అప్పుడు తెచ్చి స్కానర్ పెడితే రోజుకో కోడు. వాన సంగతి అడిగినవాడికి కప్లర్లు విప్పాలని తడుతుంది, అడగనివాడు ఆ కోడు చూపించిన సెన్సర్ అల్లా మారుస్తూ పోతాడు.

వానొక్కటే కాదు. వాషింగ్ సెంటర్‌లో ఇంజిన్ మీద ప్రెషర్ గన్ కొట్టించుకుంటారు, మెరుస్తుందని. కప్లర్ సీళ్లు ఆ ధాటికి నిలవవు. కొత్త కారు ఇంటికి రాకముందే మ్యూజిక్ సిస్టమ్, కెమెరా, రంగు లైట్లు అని ఫ్యాక్టరీ వైరింగు తొడుగు గీకి, పక్కన ఇంకో వైరు చుట్టి, నల్లటేపు వేస్తారు. ఆ టేపు రెండు వేసవులు దాటదు. ఇక అపార్టుమెంటు సెల్లార్లలో ఎలుకలు. పొగాకు ఆకుల కట్ట ఇంజిన్లో వేలాడదీసుకునేవాళ్లు మా కాలనీలో చాలామందే ఉన్నారు. ఎలుక ఒక వైరును సగం కొరికి వదిలితే, ఆ మిగిలిన ఒక్క పోగు మీటరుకు మంచి వైరులాగే కనిపిస్తుంది. అక్కడ చిన్న బల్బు లోడు పెట్టి చూడాలి, సెన్సర్ కప్లర్‌నూ ఈసీఎం కప్లర్‌నూ రెండిటినీ పీకేశాక మాత్రమే సుమా.

కుర్రాళ్లను తిట్టి లాభం లేదని నాకూ తెలుసు. వాళ్లలో తెలివైనవాళ్లున్నారు, మాకు రాని ఇంగ్లీషు మాన్యువళ్లు గడగడా చదువుతారు. కానీ వాళ్లకు ఒక్కో పనికి ఇన్ని నిమిషాలని ముందే కట్టి ఉంటుంది. సెన్సర్ మార్చడానికి అరగంట లెక్కలో ఉంది. బండి ఆగేదాకా తిరగడానికి లెక్కలో ఏమీ లేదు. తిరిగినవాడు ఆ నెల వెనకబడతాడు, మార్చినవాడికి మెచ్చుకోలు. షెడ్డులో ఉస్తాద్ పక్కన కూర్చుని నేర్చుకునే షాగిర్దూ పోయాడు. ఐటీఐలో రెండేళ్లు మోటారు మెకానిక్ చదివి వచ్చిన పిల్లలకు తెగిన సెన్సర్ చూపిస్తారేమో, వచ్చిపోయే ఫాల్టు మాత్రం బెంచీ మీద రాదు కదా. అది రోడ్డు మీద, వేడిలో, కుదుపులో ఉంటుంది. వాళ్లకు ఆ బండిలో తిరిగే టైము ఎవరిస్తారు?

కార్లున్నవాళ్లను కూడా వదలను. సెన్సర్‌కు మూడు వేల పైచిలుకు బిల్లు వేస్తే కిక్కురుమనకుండా కడతారు, డబ్బాలో వస్తువు కనిపిస్తుంది కాబట్టి. రెండు రోజులు బండిలో తిరిగి, తెగిన వైరు వెతికి, అతికినందుకు వెయ్యి రూపాయలు అడిగితే, "వైరు అతకడానికి వెయ్యా?" అని కళ్లెర్రజేస్తారు. మారేడ్‌పల్లి బ్యాంకు సారు అలా అనలేదు. ఎందుకంటే ఆయనకు ఆ గడుల కాగితం నింపడానికి ఎంత ఓపిక పట్టిందో తెలుసు. సర్వీస్ సెంటర్ల బిల్లుల్లో లేబర్ అని ఒక వరుసా, స్పేర్‌పార్ట్స్ అని ఒక వరుసా ఉంటాయి. వాటి పైన "వెతికిన కూలి" అని ఇంకో వరుస పెట్టాలి, గంటకింత అని. ఏ గంట ఏం చూశారో, ఏది బాగుందని తేలిందో కిందనే రాసివ్వాలి. మార్చిన పాత సెన్సర్‌ను కస్టమర్ చేతికి తిరిగివ్వాలి. ఫ్రీజ్ ఫ్రేమ్‌ను ప్రింటు తీసి బిల్లుకు జతచేశాకే కోడు చెరపాలి. ఇవి పెద్ద కోరికలేమీ కావు, రేపు పొద్దున షట్టర్ ఎత్తగానే మొదలుపెట్టొచ్చు.